మా పెట్టెలో పాట, మామ మోరిలో పాట

మేము మూడోసారి సౌండు పెట్టిన ఒక కాలనీవాళ్ళ దగ్గర, పదేళ్ళ పిల్లాడి చేతిలో మా పరువు పోయింది.

గాజువాక వైపు కాలనీ అది. మొదట వినాయక నిమజ్జనానికి మమ్మల్ని పిలిచారు. తర్వాత అదే వీధిలో ఒక పెళ్ళి రిసెప్షనుకు పిలిచారు. మూడోసారి కార్తీక వనభోజనాలకు పిలిచారు. ఆనందపురం వైపు మామిడితోట అద్దెకు తీసుకుని ఆడా మగా, పిల్లా పాపా అందరూ వచ్చారు. భోజనాలయ్యాక పాటలు మొదలుపెట్టాం. ఆ పిల్లాడు మా లాప్‌టాప్ బల్ల పక్కన నిలబడి, నడుస్తున్న పాట ముగియకముందే తర్వాత వచ్చేది ఏదో గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు. వరసగా ఐదు పాటలు చెప్పాడు. ఐదూ సరిపోయాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్ళమ్మ నవ్వుతూనే అడిగింది: "ఏటి బాబూ, మావోడు సెప్పిందే ఏస్తన్నారు? పెళ్ళిలో ఏసిన వరసే మళ్ళీ ఎత్తుకున్నట్టున్నారు?"

మేం నలుగురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆమె అన్నది నిజం. పెళ్ళి రోజు పేర్చిన వరసనే మళ్ళీ నొక్కి వదిలేశాం. ఆ రోజు బాగా ఆడారు కదా, ఈ రోజూ ఆడతారులే అనుకున్నాం.

మా గురించి రెండు మాటలు చెప్పాలి. మాలో ఇద్దరిది డుంబ్రిగుడ మండలం, ఒకరిది హుకుంపేట, ఒకరిది ముంచింగిపుట్టు. ఇద్దరు కొండదొరలు, ఒకరు బగత, ఒకరు వాల్మీకి. ఆశ్రమ పాఠశాలల్లో పదో తరగతి దాకా చదివి, ఐటీఐ కోసం కొండ దిగి విశాఖ వచ్చాం. కంచరపాలెంలో, గోపాలపట్నంలో గదులు మారుతూ ఉన్నాం. చదువు అయ్యాక సెలవు రోజుల్లో ఒక సౌండు సర్వీసు ఆయన దగ్గర వైర్లు మోసే పనికి కుదిరాం. ఏ వైరు ఎక్కడ గుచ్చాలో, బేసు బాక్సు ఎటు తిప్పి పెట్టాలో, జనరేటరు ఆగితే ఏం చేయాలో అక్కడే నేర్చుకున్నాం. తర్వాత అప్పు చేసి పాత మిక్సరు, రెండు బేసు బాక్సులు, రెండు టాప్ బాక్సులు, ఒక యాంప్లిఫయరు కొన్నాం. టాటా ఏస్ బండి అద్దెకు తెచ్చుకుంటాం. నెలనెలా వాయిదా కట్టాలి. అందుకే ఒక కాలనీ మళ్ళీ పిలవకపోతే మాకు అది చిన్న విషయం కాదు.

ఈ పనిలో పిలుపు నోటిమాట మీదే వస్తుంది. ఒక పెళ్ళిలో చూసినవాళ్ళు ఇంకో పుట్టినరోజుకు పిలుస్తారు. అంటే ప్రతిసారీ ఎదురుగా ఉండేవాళ్ళలో సగం మంది మనల్ని ముందే విన్నవాళ్ళు. కొత్తవాళ్ళను ఆడించడం తేలిక. విన్నవాళ్ళను మళ్ళీ ఆడించడమే కష్టం.

ఆ అవమానం తర్వాత మేము మొదట చేసిన పని తప్పు పనే. పాతవన్నీ తీసేసి, ఆ నెలలో వచ్చిన కొత్త పాటలతో పెన్‌డ్రైవు నింపాం. మర్రిపాలెంలో ఒక పుట్టినరోజుకు అవే వేశాం. పిల్లలు రెండు పాటలకు గెంతారు. పెద్దవాళ్ళు కుర్చీల్లోంచి లేవలేదు. అరగంటకల్లా ఆడేచోటు ఖాళీ అయింది. తెలియని పాటకు కాలు కదలదు. మనిషి తనకు తెలిసిన పాట కోసమే ఎదురుచూస్తాడు. అయితే అది ఎప్పుడు వస్తుందో మాత్రం ముందే తెలియకూడదు. పాతపాట పాతబడదు, దాన్ని పెట్టే చోటు పాతబడుతుంది. ఈ సంగతి తెలుసుకోవడానికి మాకు రెండు బుకింగులు ఖర్చయ్యాయి.

అప్పుడు రూళ్ళ నోటుపుస్తకం ఒకటి కొన్నాం. ప్రతి బుకింగుకు ఒక పేజీ. తేదీ, ఊరు, ఎవరి ఇల్లు, ఎంతమంది, ఏ వయసువాళ్ళు. ఏ పాటకు జనం లేచారు, ఏ పాటకు కూర్చున్నారు, ఎవరు ఏది అడిగారు. రాత్రి బండిలో తిరిగి వస్తూ ఒకరు చెబితే ఒకరు రాసేవాళ్ళం. మళ్ళీ అదే చోటికి వెళ్ళే ముందు ఆ పేజీ తీసి చూస్తాం.

లెక్క ఇలా పెట్టుకున్నాం. మూడు గంటల పార్టీ అంటే 180 నిమిషాలు. పాటను రెండున్నర నిమిషాలకు కోస్తే 72 పాటలు కావాలి. అందులో 30 తప్పనిసరివి. అవి లేకపోతే జనం ఊరుకోరు. 30 తిరిగేవి. ఒక కాలనీలో ఒకసారి వేస్తే మళ్ళీ ఏడాది దాకా అక్కడ వాటికి సెలవు. మిగిలిన 12 కొత్తవి. కొత్త పాటను ఒంటరిగా వదలం. అటొక తెలిసిన పాట, ఇటొక తెలిసిన పాట మధ్యలో పెడతాం. చిన్నపిల్లను సంతకు తీసుకెళ్ళేటప్పుడు చెరో చెయ్యి పట్టుకున్నట్టు. దెబ్బల వేగం కూడా చూడాలి. నిమిషానికి 120 దెబ్బలున్న పాట వెనకే 90 దెబ్బల పాట పెడితే కాలు తడబడి మనిషి ఆగిపోతాడు. ఆగిన మనిషి నీళ్ళు తాగడానికి వెళ్తాడు, మళ్ళీ రాడు.

వరస కూడా మార్చాం. మొదటి గంట పెద్దవాళ్ళది. వాళ్ళ వయసులో వచ్చిన పాటలు, మాట వినపడేంత సౌండు. తర్వాత పిల్లలది. చివరి గంట కుర్రాళ్ళది. రాత్రి 10 అయితే ఆపేయాలి. దేశమంతటా 2000 సంవత్సరం నుంచి ఉన్న శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు మోగకూడదు. ఇళ్ళున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. ఆ 10 గంటల గీత మాకు మేలే చేసింది. ముగింపు ఎప్పుడో తెలిస్తే మంచి పాటలు దాచుకోవడం తెలుస్తుంది.

విశాఖలో ఈ పని చేసేవాళ్ళకు ఇంకో బడి ఉంది. అది ఊరే. ఓడరేవు, నేవీ, ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊరు కాబట్టి దేశం నలుమూలల మనుషులు ఇక్కడ ఉన్నారు. ఉక్కునగరం వైపు పార్టీలో ఒక మూల ఒడియా కుటుంబాలు, ఒక మూల బెంగాలీలు, మలయాళీలు కూర్చుని ఉంటారు. నేవీవాళ్ళ ఇళ్ళలో పంజాబీ పాట పడితే మెట్లమీద ఉన్నవాళ్ళు కూడా దిగివస్తారు. ఒకసారి ఒడియావాళ్ళు ఎక్కువగా ఉన్న పెళ్ళిలో సంబల్‌పురి పాట 'రంగబతి' వేశాం. 1970లలో రికార్డయిన పాట అది. పాడిన జితేంద్ర హరిపాల్ గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒక తాతగారు కర్ర పక్కన పెట్టి లేచారు. కొరాపుట్ సరిహద్దు సంతల్లో చిన్నప్పుడు మేము విన్న పాటే. నగరంలో ఎవరికీ పనికిరాదనుకుని అన్నాళ్ళూ పక్కన పెట్టాం.

ఇలాంటివే ఇంకా గమనించాం. ఉత్తరాంధ్ర పల్లెపాట 'నక్కిలీసు గొలుసు' 2020లో 'పలాస 1978' సినిమాలోకి వెళ్ళి తిరిగొచ్చాక, అదివరకు ముఖం చిట్లించినవాళ్ళే అడిగి వేయించుకున్నారు. 2021లో 'బుల్లెట్టు బండి' లేని పెళ్ళి లేదు. 2023 మార్చిలో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చాక కొన్ని నెలలు దాన్ని రాత్రికి రెండుసార్లు వేయాల్సి వచ్చింది. ఇవన్నీ మట్టిపాటలు, లేదా మట్టివాసన అద్దుకున్న పాటలు. ఊళ్ళో ఉన్నప్పుడు వీటిని మోటు అన్నారు. తెరమీదికి వెళ్ళొచ్చాక గొప్ప అన్నారు. మేము మాత్రం మా పాట ఊసెత్తకుండానే అన్నాళ్ళూ గడిపాం.

ఎందుకంటే సిగ్గు. ఎవరైనా "మీదే ఊరు?" అని అడిగితే "అరకు సైడు" అని మింగేసేవాళ్ళం. అలా మింగినా ఒకరోజు దాగలేదు. పెందుర్తి దగ్గర ఒక పార్టీలో ఇంటాయన "అరకువాళ్ళా! అయితే ధింసా వేయండి" అన్నాడు. మా దగ్గర ధింసా లేదు. నలుగురం ఆదివాసులం, వేల పాటలున్న లాప్‌టాప్, అందులో మాది ఒక్కటీ లేదు.

ఆ వారమే కిరండూల్ పాసింజరు ఎక్కాం. మాలో ఒకతని మేనమామ మోరి ఊదుతాడు. మాకందరికీ ఆయన మామే. తుడుము, డప్పు, కిరిడి వాయించేవాళ్ళు ఇంకో ముగ్గురు ఉన్నారు. సాయంత్రం ఇంటి ముందు కూర్చుని వాయిస్తుంటే ఫోనులో ఎక్కించుకున్నాం. ఎందుకో సరిగా చెప్పలేదు. "పట్నంలో ఇనిపిస్తాం మామా" అన్నాం, అంతే. గదికి వచ్చి ఆ వాయింపు కింద బేసు దెబ్బ కలిపాం, వేగం పెంచాం, రెండున్నర నిమిషాలకు కోశాం.

ఆ ముక్క వేసిన చోటల్లా జనం ఊగిపోయారు. చేతులు నడుముల మీద వేసుకుని వరస కట్టారు. మాకు గర్వం వచ్చింది. ప్రతి బుకింగులో అదే వేశాం. ఏడాదికి సెలవు అనే నియమం దానికి మాత్రం పెట్టలేదు. ఆరేడు నెలలకు నోటుపుస్తకం తిరగేస్తే సంగతి బయటపడింది. ధింసా పక్కన మొదట్లో 'అందరూ లేచారు' అని రాసి ఉంది. తర్వాత 'సగం'. తర్వాత 'పిల్లలు మాత్రమే'. చివర్లో 'ఫోను చూసుకుంటున్నారు'. తరతరాలుగా మా ఊళ్ళో పాతబడని పాట మా చేతిలో ఆరు నెలల్లో పాతబడింది.

చైత్రంలో ఇటుకల పండుగకు ఇంటికి వెళ్ళినప్పుడు మామకు ఆ ముక్క వినిపించాం. మెచ్చుకుంటాడనుకున్నాం. ఆయన చెవి దగ్గర పెట్టుకుని చివరిదాకా విన్నాడు. ఫోను తిరిగిచ్చి అడిగాడు.

"ఇది ఎక్కడ ఏసినార్రా?"

"పుట్టినరోజుల్లో, పార్టీల్లో మామా."

"తాగి ఆడే కాడ కూడానా?"

మేము మాట్లాడలేదు.

"ఇది బోడ ధింసా కదరా అల్లుడా. ఊరి అమ్మోరికి ఆడేది. మీరడిగితే పిల్లలకి ఇనిపిస్తారనుకున్నాను. మందు సీసాల మధ్యన పెట్టినారా?"

మాకు తల ఎత్తడం కుదరలేదు. ధింసాలో ఎనిమిది రకాలని పుస్తకాల్లో రాస్తారు. బోడ, గుండేరి, గొడ్డిబేట, పొతర్‌తోల, బాగ్, నాటికారి, కుండ, బాయ. పొతర్‌తోల ఆకులు ఏరడాన్ని చూపిస్తుంది. బాగ్ ధింసా పులి మీదపడితే తప్పించుకోవడాన్ని చూపిస్తుంది. కుండలో భుజాలతో ఒకరినొకరు తోసుకుంటారు. బోడ అమ్మవారి కొలుపుది. చిన్నప్పటి నుంచీ వాటి మధ్యే పెరిగాం. అయినా ఏది ఏదో చెవితో పోల్చుకోలేకపోయాం. సినిమా పాటయితే మొదటి దెబ్బకే పేరు చెప్పగలం.

ఇంకో మాట కూడా మామ అప్పుడే అన్నాడు. కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు అన్నాడు. "మీ పెట్టె ఘాటీ ఎక్కి వచ్చినకాడ నుంచి పెళ్ళిళ్ళకి మమ్మల్ని పిలవడం తగ్గింది. పోయినేడు మూడు పెళ్ళిళ్ళే."

ఆ పెట్టె మాదే. పాడేరు, హుకుంపేట వైపు పెళ్ళిళ్ళకు మేమే తీసుకెళ్ళాం. మనవాళ్ళ పెళ్ళి కదా అని తక్కువకే ఒప్పుకున్నాం. మేము తగ్గించుకున్న ఆ డబ్బు మామ పొట్టలోంచి వచ్చిందని మాకు తట్టలేదు.

ఆ రాత్రి పండుగ ధింసాలో మేము ఆడకుండా మామ పక్కన కూర్చుని చూశాం. ఆయన కళ్ళు మోరి మీద లేవు, ఆడేవాళ్ళ పాదాల మీద ఉన్నాయి. ఒక ముసలమ్మ అడుగు వెనకబడగానే తుడుము నెమ్మదించింది. కుర్రాళ్ళు వరసలోకి వచ్చి చేరగానే మోరి పైకి లేచింది. వరస అలిసిపోయే ముందే ఇంకో రకానికి మళ్ళించాడు. ఒకే ఆటను అరగంట లాగాడు, ఇంకోదాన్ని ఐదు నిమిషాలకే వదిలేశాడు. ఆట ఆగాక అడిగాం: "మామా, ఇన్నేళ్ళుగా ఇయ్యే వాయిస్తున్నావు కదా, ఇనేవాళ్ళకి ఇసుగు రాదా?" ఆయన నవ్వాడు. "ఇయ్యే ఎలాగవుతాయిరా? నిన్నటి కాళ్ళు, ఈ రోజు కాళ్ళు ఒకటేనా?"

మా పనికి కావలసిన పాఠం అందులోనే ఉంది. మేము పాటలను చూస్తూ కూర్చున్నాం. ఆయన కాళ్ళను చూస్తూ వాయించాడు. మేము కోసి, బిగించి, మూత పెట్టిన రెండున్నర నిమిషాల ముక్క ఎవరి కాళ్ళను చూడగలదు?

తిరిగి వచ్చాక కొన్ని పనులు చేశాం. బోడ ధింసా ముక్కను తీసేశాం. లాప్‌టాప్ బల్లను మూల నుంచి జరిపి, ఆడేవాళ్ళ పాదాలు కనిపించే చోట పెట్టాం. ఒకరు మీటల దగ్గర ఉంటే ఇంకొకరు కాళ్ళు చూస్తారు. ముందే పేర్చిన వరసను నొక్కి వదిలేయడం మానేశాం. 72 పాటలూ సిద్ధంగా ఉంటాయి, ఏది ఎప్పుడన్నది అక్కడే తేలుతుంది. మామనడిగి, ఎక్కడ వేయవచ్చో ఎక్కడ కూడదో చెప్పించుకుని, పొతర్‌తోల, కుండ మళ్ళీ రికార్డు చేశాం. వాటి కింద బేసు కలపలేదు. ఆ ముక్కలు వేసిన బుకింగు డబ్బులో ఆ నలుగురికీ వాటా పంపుతున్నాం.

ఏజెన్సీ పెళ్ళిళ్ళకు ఒక షరతు పెట్టుకున్నాం. ఊరేగింపు మోరిది, తుడుముది. భోజనాలయ్యాకే మా పెట్టె. మోరివాళ్ళను పిలవకపోతే మేము రాం. ఈ షరతుకు కొందరు ఒప్పుకున్నారు, కొందరు వేరే సౌండువాళ్ళను పిలుచుకున్నారు. నగరంలో కూడా ఒక పెద్ద బుకింగు పోయింది. ఒక రిసార్టువాళ్ళు రాత్రంతా తాగే పార్టీలో మన ఆడపిల్లల్ని ధింసా చీరల్లో డీజే దెబ్బకు ఆడించాలన్నారు. కుదరదన్నాం. అడ్వాన్సు తిరిగి ఇచ్చేశాం. ఆ నెల వాయిదా ఆలస్యమై మాట పడ్డాం. చేసినది తప్పని మాలో ఎవరూ అనలేదు గానీ, వడ్డీ లెక్క వేసుకున్నప్పుడు నలుగురం కాసేపు మౌనంగానే ఉన్నాం.

గాజువాక కాలనీ మళ్ళీ పిలిచింది. అడిగి చూద్దామని, అరగంట మా ఊరివాళ్ళ వాయింపు పెట్టుకుంటారా అన్నాం. ఒప్పుకున్నారు. మామ, మిగిలిన ముగ్గురు రైలెక్కి వచ్చారు. మేము బాక్సులన్నీ ఆపేశాం. మోరికి మైకు అక్కర్లేదు. మొదట పది నిమిషాలు అందరూ ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. మామ ఆ ఫోన్లను పట్టించుకోలేదు. ఒక పాప చెప్పులు విడిచి గెంతుతుంటే ఆ పాప అడుగును పట్టుకుని వాయించాడు. కాసేపటికి ఆ పాప వెనక ఇరవైమంది వరస కట్టారు. పాటలు ముందే చెప్పే ఆ కుర్రాడు మా దగ్గరికి వచ్చి అడిగాడు: "అన్నా, దీని తర్వాత ఏది?" మాకూ తెలియదన్నాం. వాడికి నమ్మకం కుదరలేదు, లాప్‌టాప్ తెరలోకి తొంగి చూశాడు. అది మూసి ఉంది.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీలో చాలామంది ఈ పనిలోకి వస్తారు. రండి, సిగ్గుపడే పని కాదు. కానీ ఘాటీ ఎక్కించే ప్రతి పెట్టె ఎవరి చోటులో కూర్చుంటుందో ముందు చూడండి. వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని బతికే దారి వెతకండి.

మాస్టార్లకూ ఒక మనవి. బడి వార్షికోత్సవానికి పెన్‌డ్రైవులో ధింసా పెట్టి పిల్లల్ని ఆడించే బదులు, ఆ ఊరి మోరి మామను ఒక పూట పిలవండి. పిల్లల చేత ఒక పుస్తకం రాయించండి. ఈ వాయింపు పేరేమిటి, ఏ పండుగది, ఎవరు నేర్పారు, ఎక్కడ వాయించకూడదు. గుస్సాడీ కనకరాజు గారికి 2021లో, కోయ డోలి పాటతో ఇలవేల్పుల కథలు చెప్పిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఇద్దరూ 2024లోనే వెళ్ళిపోయారు. వాళ్ళ పేర్లు దేశానికి తెలిశాయి. మన ఊళ్ళో ఉన్నవాళ్ళ పేర్లు మన పిల్లలకైనా తెలియాలి.

మా నోటుపుస్తకం చివర్లో ఇప్పుడు నాలుగు పేజీలు వేరుగా ఉన్నాయి. మామ చెబుతుంటే రాసిన వాయింపుల పేర్లు అవి. కొన్నింటి పక్కన 'రికార్డు అయింది' అని ఉంది. కొన్నింటి పక్కన 'మామ తండ్రికి వచ్చేది' అని మాత్రమే ఉంది. వచ్చే ఇటుకల పండుగకు పక్క ఊళ్ళలో అడగాలి. ఎవరికైనా గుర్తుంటుందేమో.